ఫోనులో వచ్చే వైద్యం – ఫోనులోకి వెళ్ళే రోగి



ఈ నెల పాఠం జ్వరం గురించి కాదు, షుగరు గురించి కాదు. మనందరి చేతిలో ఉన్న ఫోను గురించి. ఓ.పి. చీటీ కోసం నిలబడినవారు, వార్డులో రోగి ప్రక్కన కూర్చున్నవారు, ఆపరేషన్ గది బయట ఎదురు చూసేవారు – అందరి చూపు దాని మీదే. అది తప్పని మేము అనము. ఈపూరు, బొల్లాపల్లి, నూజెండ్ల మండలాల నుండి వచ్చి మంచం మీద ఉన్న తల్లి, హైదరాబాదులో ఉన్న కొడుకు ముఖం వీడియోలో చూసి నాలుగు ముద్దలు ఎక్కువ తినడం మేము చూస్తూనే ఉన్నాము. కాని ఫోను వలన ఆరోగ్యానికి కలిగే నష్టాలు రెండు రకాలు. ఒకటి దానిలో నుండి మన ఇంట్లోకి వచ్చే మాట. రెండవది మన ఇంట్లో నుండి దానిలోకి వెళ్ళే మాట. రెండింటిని వేరువేరుగా చూద్దాము.

1. ఫోనులో వచ్చే వైద్యం

2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో రెండు కుటుంబాలవారు టిక్‌టాక్‌లో ఒక వీడియో చూశారు. ఉమ్మెత్త గింజల రసం తాగితే కరోనా రాదని అందులో ఉంది. తాగారు, ఆసుపత్రి పాలయ్యారు. ముళ్ళతో గుండ్రంగా ఉండే ఉమ్మెత్త కాయ టీవీలో చూపించే కరోనా బొమ్మలాగా ఉండటమే ఆ వైద్యానికి ఆధారం! ఉమ్మెత్త మన వైపు కూడా చేల గట్ల మీద, దిబ్బల మీద మొలిచేదే. దాని గింజలు కడుపులోకి వెళితే నోరు ఎండిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, మనిషి తెలివి తప్పి ఏదేదో మాట్లాడతాడు. ప్రాణం కూడా పోవచ్చు. అదే సంవత్సరం జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. అయితే ఒక దారి మూసినంత మాత్రాన ఇటువంటి మాటలు ఆగలేదు. వేరే దారిలో వస్తున్నాయి.

మందు మాత్రమే కాదు, భయం కూడా ఫోనులో వస్తుంది. 2020 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా ఒక్క కరోనా కేసు కూడా నమోదు కాకముందే, అదే చిత్తూరు జిల్లాలో ఒకాయన వేరే జబ్బుతో బాధపడుతూ, ఫోనులో కరోనా వీడియోలు పదేపదే చూసి, తనకు అదే వచ్చిందని నమ్మారు. తన వలన ఇంటివారికి అంటుతుందని బెంగపడి ప్రాణం తీసుకున్నారు. ఆయనకు ఆ జబ్బు లేదు. మీ ఇంట్లో ఎవరైనా అలా ఒకే విషయం చూస్తూ, నిద్ర మాని, ముభావంగా ఉంటే ప్రక్కన కూర్చుని మాట్లాడండి. 14416 నంబరుకు ఫోను చేస్తే మానసిక ఆరోగ్యం గురించి ఉచితంగా సలహా ఇస్తారు.

మన పొలాల సంగతికి వద్దాము. మిరప కల్లాల దగ్గర రాత్రి కాపలాకు నేల మీద పడుకున్నవారిని కట్లపాము కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. “వాపు లేదు, విషం ఎక్కలేదు” అని ఒక వీడియో చూసి నిశ్చయించుకుంటే, కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తరువాత ఊపిరి అందదు. కోయవద్దు, నోటితో పీల్చవద్దు, బిగించి కట్టవద్దు, పసరు కోసం తిరగవద్దు. మనిషిని కదలనీయకుండా, విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకురండి. 108కి ఫోను చేయండి. పురుగుమందు విషయంలోనూ అంతే. ఉప్పునీళ్ళు తాగించి కక్కించవద్దు. మందు పడిన బట్టలు తీసివేసి, ఒళ్ళు సబ్బునీళ్ళతో కడిగి, మందు డబ్బాతో సహా రండి.

మరి వచ్చిన మాట మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది? మా నర్సింగ్ విద్యార్థినులకు మొదటి సంవత్సరంలోనే ఐదు ప్రశ్నలు నేర్పిస్తాము. మందు ఇచ్చే ముందు: ఇది సరైన రోగికేనా? సరైన మందేనా? సరైన మోతాదేనా? సరైన మార్గంలోనేనా (నోటి ద్వారానా, సూది ద్వారానా)? సరైన సమయంలోనేనా? ఇచ్చిన తరువాత చార్టులో టైము వేసి సంతకం పెట్టాలి. ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో ఆ సంతకం చెబుతుంది.

ఇప్పుడు మీ ఫోనుకు వచ్చిన వైద్యాన్ని ఈ ఐదు ప్రశ్నలు అడగండి. మందు పేరు మాత్రం ఉంటుంది. రోగి ఎవరు – గర్భిణీ స్త్రీయా, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దాయనా, చంటిబిడ్డా? తెలియదు. మోతాదు? “ఒక గుప్పెడు”. ఎన్ని రోజులు? తెలియదు. సంతకం అసలే ఉండదు. పంపింది మేనత్త కొడుకైనా, సంఘ పెద్ద అయినా, వారు దానిని తయారు చేయలేదు, చేతులు మార్చారు, అంతే. మనిషి మీద ఉన్న నమ్మకం ఆ మందు మీదకు మారిపోతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

వాట్సాప్ వారు కూడా ఇది గమనించి 2018లో మన దేశంలో ఒకేసారి ఐదుగురికి లేక ఐదు గ్రూపులకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టారు. 2020లో, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకేసారి ఒక్కరికే పంపగలిగేటట్లు చేశారు. అటువంటి సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనిపిస్తే, ఇది ఎక్కడ పుట్టిందో పంపినవారికి కూడా తెలియదని అర్థం చేసుకోండి.

2. ఫోనులోకి వెళ్ళే రోగి

ఇది మేము మరింత బాధతో వ్రాస్తున్నాము. పరామర్శకు వచ్చినవారు ముక్కులో గొట్టంతో ఉన్న రోగిని ఫోటో తీసి స్టేటస్‌లో పెడుతున్నారు. బాలింత బట్ట సర్దుకోకముందే బిడ్డ ఫోటో వెళ్ళిపోతుంది. ప్రక్క మంచం మీది స్త్రీ కూడా అందులో పడుతుంది. పరీక్ష తప్పి పురుగుమందు తాగిన పిల్ల బ్రతికి ఇంటికి వెళుతుంది, కాని ఆమె పేరు, ఊరు, కారణం అప్పటికే పది గ్రూపులలో ఉంటాయి. ప్రాణం మేము కాపాడగలము. ఫోటోను వెనుకకు తేలేము.

మంచి మనసుతో పెట్టే ప్రార్థన మనవిలోనూ ఈ ప్రమాదం ఉంది. “ఫలానా సహోదరికి టి.బి., ప్రార్థించండి” అని గ్రూపులో పెడితే, కొందరు ప్రార్థిస్తారు; కొందరు ఆమె ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేస్తారు. రేపు జబ్బు వస్తే ఆ భయంతోనే మరొకరు పరీక్షకు రారు. “మన సంఘంలో ఒక సహోదరి అనారోగ్యంగా ఉన్నారు” అంటే చాలదా? పేరు, జబ్బు చెప్పాలంటే ముందు ఆమెను అడగాలి. ఆమె భర్తను కాదు, అత్తగారిని కాదు, ఆమెనే.

హెచ్.ఐ.వి. విషయంలో ఇది చట్టం కూడా. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నదని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. నర్సుల విషయానికి వస్తే, 1893లో అమెరికాలో వ్రాసిన నైటింగేల్ ప్రతిజ్ఞలోనే రోగి, అతని కుటుంబ రహస్యాలను కాపాడుతామన్న మాట ఉంది. మేము దీపం పట్టుకుని చేసిన ప్రమాణం అది. రోగి ప్రక్కన కూర్చున్న ప్రతివారు దానిని పాటించాలని మా కోరిక.

3. ఇలా వాడుకోండి

• మాత్రల అట్ట, డిశ్చార్జి కాగితం, పురుగుమందు డబ్బా మీది పేరు – వీటి ఫోటోలు ఫోనులో ఉంచుకోండి. అవి మాకు ఎంతో ఉపయోగం.
• రక్తం కావాలని పెట్టేటప్పుడు తేదీ, ఆసుపత్రి, గ్రూపు వ్రాయండి. రక్తం దొరకగానే “దొరికింది” అని పెట్టండి. లేకపోతే అది ఏళ్ళ తరబడి తిరుగుతుంది.
• ఏ వైద్యమైనా వస్తే, పంపినవారిని “మీరు వాడారా? ఎవరు చెప్పారు?” అని మర్యాదగా అడగండి. జవాబు లేకపోతే మీ దగ్గరే ఆపండి.
• బి.పి., షుగరు, ఫిట్స్, టి.బి. మాత్రలు వీడియో చూసి మానవద్దు. అనుమానం ఉంటే ఆ ఫోను తెచ్చి మాకే చూపించండి. మేము నవ్వము, కోప్పడము.

ఆలోచించండి (ఇంట్లో అందరూ కలిసి):

1. ఈ వారం మీరు పంపిన ఆరోగ్య సందేశాలలో ఐదు ప్రశ్నలకు నిలబడేవి ఎన్ని?
2. మీ ఫోనులో ఇతరుల రోగపు ఫోటోలు ఉన్నాయా? వారిని అడిగే తీశారా?
3. మంచం మీద ఉన్నది మీరే అయితే, ఏ ఫోటో ఊరంతా చూడాలని కోరుకుంటారు?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికినవారికి మిగిలిన పాఠం మేము చెప్పనవసరం లేదు.