పాత ధరలు, పాత లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: షేరు కొనేముందు ఆ కంపెనీ పదేళ్ల ధరలు, లాభనష్టాలు చూడాలనుకుంటున్నాను. డబ్బు కట్టకుండా ఎక్కడ దొరుకుతాయండీ?

జవాబు: చాలా మంచి అలవాటు, మానకండి. ధరలకు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లే అసలు చోటు. రోజువారీ ధరల ఫైలును భావ్‌కాపీ అంటారు. ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అయితే అందులో ఉండేది ఆ రోజు పలికిన ధరే. ఉదాహరణకు, రిలయన్స్ 2024 అక్టోబరులో ఒక షేరుకు మరొకటి బోనస్‌గా ఇచ్చింది. భావ్‌కాపీలు వరసగా చూస్తే ధర రాత్రికి రాత్రే సగమైనట్టు కనిపిస్తుంది. షేర్లు రెట్టింపయ్యాయి కాబట్టి బోనస్ వల్ల వాటాదారు నష్టపోయిందేమీ లేదు. అందుకే బోనస్‌కు ముందు ధరలన్నిటినీ రెండుతో భాగించాకే పోల్చండి. షేర్లను విభజించినా అంతే, నిష్పత్తిని బట్టి.

లాభనష్టాలకు వార్షిక నివేదికలే చదవండి. బీఎస్‌ఈ సైట్‌లో కంపెనీ పేజీ తెరిస్తే ఏళ్లవారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి. స్క్రీనర్ లాంటి సైట్లు తొందరగా చూసుకోవడానికి పనికొస్తాయి కానీ, డబ్బు పెట్టేముందు ఆ అంకెలను నివేదికతో సరిచూసుకోవాల్సిందే. అనుబంధ సంస్థలున్న కంపెనీకి వాటిని కూడా కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కలు తీసుకోండి. ఒక ఏడాదికి అవి, మరో ఏడాదికి ఆ కంపెనీ ఒక్కదాన్నే చూపే స్టాండలోన్ తీసుకుంటే పోలికే చెడిపోతుంది. చాలా పెద్ద కంపెనీలు 2016-17లో ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ పద్ధతికి మారాయి. ఆ ఏడాది నివేదికలో అంతకుముందు ఏడాది అంకెలు కూడా కొత్త పద్ధతిలోనే ఉంటాయి, అవే వాడండి.