ఆల్బములో సర్వీసు బిళ్ళల స్థానము

తపాలా బిళ్ళలను సేకరించుట బాలబాలికలకు విజ్ఞానమును, వినోదమును ఒక్కసారిగా ఒసగు అభ్యాసమని తల్లిదండ్రులు ఎల్లరును ఎరుగుదురు. కాని సేకరించుట వేరు, అమర్చుట వేరు. వంద బిళ్ళలు ప్రోగుచేసిన పిల్లవాడు ధనవంతుడు కాడు. వానిలో ప్రతి బిళ్ళ ఏ పనికి పుట్టినదో చెప్పగలిగినవాడే ధనవంతుడు. ఈ వ్యాసమున సాధారణముగా పిల్లలు నిర్లక్ష్యము చేయు బిళ్ళలను గూర్చి, అనగా ప్రభుత్వ కార్యాలయములు వాడు సర్వీసు బిళ్ళలను, విశేష ప్రయోజనములకై వెలువడిన బిళ్ళలను గూర్చి కొంత వివరింపదలచితిని.

బొమ్మను బట్టి అమర్చుట పిల్లల స్వభావము. ఒకే రాజు తల, ఒకే రంగు, ఒకే వెల గల రెండు బిళ్ళలు కనబడిన ఒకటి అదనపుదని తలచి రెండవదానిని మిత్రునకు ఇచ్చివేయుదురు. ఆ రెండవదానిపై నల్లని చిన్న అక్షరములతో ‘సర్వీస్’ అని పైముద్ర ఉండవచ్చును. అప్పుడది మొదటిదానికి నకలు కాదు. మొదటిది ప్రజలు వాడునది. రెండవది ప్రభుత్వోద్యోగి ప్రభుత్వ కార్యమునకు మాత్రమే వాడునది. కావున బొమ్మను చూడకముందు ‘దీనిని ఎవరు వాడిరి? ఏ పనికి వాడిరి?’ అను రెండు ప్రశ్నలు వేసికొనుట పిల్లలకు నేర్పవలెను. ఆల్బమును అమర్చు విద్య అంతయు ఈ రెండు ప్రశ్నలలోనే ఇమిడియున్నది.

1. పైముద్రల చరిత్ర

మన దేశమున 1854లో దేశమంతటికిని చెల్లు బిళ్ళలు వెలువడినవి. 1866 ఆగస్టు 1వ తేదీ నుండి ప్రభుత్వ కార్యాలయముల జాబులకు ‘సర్వీస్’ అను పైముద్ర గల బిళ్ళలు వాడుకలోనికి వచ్చినవి. 1874 నుండి ఆ మాటకు బదులు ‘ఆన్ హెచ్.ఎం.ఎస్.’ అను పైముద్ర వచ్చినది. దానికి రాణిగారి సేవలో అని అర్థము. రాణి విక్టోరియా గతించి ఏడవ ఎడ్వర్డు రాజైన పిదపను ఆ అక్షరములే నిలిచినవి. ఆంగ్లమున రాణికిని రాజునకును సర్వనామపు తొలి అక్షరము ఒకటే గదా! ఐదవ జార్జి కాలమున మరల ‘సర్వీస్’ అను మాట తిరిగివచ్చినది. ఆరవ జార్జి కాలమున 1939 మొదలు, పైముద్ర అవసరము లేకుండ, ఆ మాట బొమ్మలోనే చేర్చి ప్రత్యేకముగా అచ్చొత్తిన సర్వీసు బిళ్ళలు వెలువడినవి. గణతంత్రము ఏర్పడిన తరువాతి సర్వీసు బిళ్ళలపై రాజు తలకు మారుగా అశోక స్తంభపు సింహశీర్షము నెలకొన్నది.

ఇక 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చుటతో వెలలు అణాల నుండి నయాపైసలకు మారినవి; 1964 జూన్ 1 నుండి ‘నయా’ అను మాట తొలగి పైసలు మాత్రమే మిగిలినవి. ఇట్లు ఒక్క సర్వీసు విభాగమును వరుసగా అమర్చిన బాలునకు రాణి, రాజులు, గణతంత్రము, అణాలు, నయాపైసలు, పైసలు అన్నియు ఒకదాని వెనుక ఒకటిగా కన్నులకు కట్టును.

2. అమర్చు క్రమము

ప్రజలు వాడు సాధారణ బిళ్ళలను, స్మారక బిళ్ళలను ఆల్బము ముందుభాగమున సంవత్సర క్రమములో ఉంచవలెను. విశేష బిళ్ళలకు వెనుకభాగమును కేటాయింపవలెను. ఆ భాగమును ఈ క్రింది విధముగా విభజించిన సులువుగా నుండును.

మొదటిది విమానపు తపాలా. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి నైనీకి విమానములో జాబులు పోయినవి. 1929లో విమానము బొమ్మ గల ఆరు బిళ్ళల వరుస ప్రత్యేకముగా వెలువడినది.

రెండవది సర్వీసు బిళ్ళలు. వీనిని ముందు పైముద్రను బట్టి, పిదప పాలకుని బట్టి, ఆపైన తక్కువ వెల నుండి ఎక్కువ వెలకు అమర్చవలెను. దొరకని వెలకు ఖాళీ గడి విడువవలెను. ఖాళీ గడి చూచి పిల్లలు చిన్నబుచ్చుకొనరాదు. ఇంకను వెదకవలసినది ఏదో అదియే తెలుపును.

మూడవది విదేశములలో నున్న మన సైనికులకై పైముద్ర వేసిన బిళ్ళలు. 1900లో చైనాకు పోయిన దళమునకు ‘సి.ఇ.ఎఫ్.’ అనియు, 1914లో యుద్ధమునకు పోయిన దళమునకు ‘ఐ.ఇ.ఎఫ్.’ అనియు పైముద్రలు వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము 1953లో కొరియాకు, 1954లో కంబోడియా, లావోస్, వియత్నాములకు, 1962లో కాంగోకు, 1965లో గాజాకు శాంతికార్యమునకై పోయిన మనవారికి ఇట్లే వేరువేరు పైముద్రలు గల బిళ్ళలు వెలువడినవి. ఇవి సర్వీసు బిళ్ళలు కావు. సైనికుడు తన ఇంటికి వ్రాసికొను జాబునకు వాడినవి.

నాల్గవది సంస్థానములు. ఇది మన పాఠశాలల పిల్లలకు మిక్కిలి సన్నిహితమైన విభాగము. హైదరాబాదు సంస్థానము 1869 నుండి తన బిళ్ళలను తాను వెలువరించెను. 1931 నాటి వరుసలో ఒక అణా బిళ్ళపై చార్మినారు, పన్నెండణాల బిళ్ళపై బీదరు విద్యాలయము, రూపాయి బిళ్ళపై దౌలతాబాదు విజయస్తంభము కలవు. బీదరు నేడు కర్ణాటకమున, దౌలతాబాదు మహారాష్ట్రమున నున్నవి. ఆ సంస్థానపు కార్యాలయములు వాడిన బిళ్ళలపై ఉర్దూ లిపిలో ‘సర్కారీ’ అను పైముద్ర యుండును. తిరువాన్కూరు సర్కారు బిళ్ళలపై ‘ఆన్ ఎస్.ఎస్.’ అని యుండును. నేటి తమిళనాటి కన్యాకుమారి సీమ 1956 వరకు ఆ వైపునకు చెందినదే. కొచ్చిన్ వారిది ‘ఆన్ సి.జి.ఎస్.’. గ్వాలియరు వారి సర్వీసు పైముద్ర నాగరి లిపిలో నుండును. ప్రతి సంస్థానమునకు ఒక పుట ఇచ్చి, పుట పైభాగమున ప్రజల బిళ్ళలను, అడుగున సర్కారు బిళ్ళలను అంటించిన రెంటికిని గల భేదము తేటపడును.

ఐదవది ఫ్రెంచి ఇండియా. యానాము, పుదుచ్చేరి, కారైకాలు మున్నగు స్థావరములకు 1892 నుండి ప్రత్యేకమైన బిళ్ళలు వెలువడినవి. 1923 నుండి వీనిపై వెలలు ఫానోలు, కాష్‌లలో కన్పట్టును. ఎనిమిది ఫానోలు ఒక రూపాయి. తగినంత వెల అంటింపని జాబులకు గ్రహీత వద్ద వసూలు చేయు బాకీ బిళ్ళలను కూడ వారు వాడిరి. వానిని సాధారణ బిళ్ళలతో కలుపక పుట చివర నుంచవలెను. 1954లో ఈ స్థావరములు భారతదేశమున కలిసినవి కనుక ఈ విభాగమునకు ముగింపు కలదు. ఓపిక గల బాలుడు దీనిని చాలవరకు పూరింపవచ్చును.

3. రెండు విభాగములకు చెందు బిళ్ళ

కొన్ని బిళ్ళలు పిల్లలను తికమక పెట్టును. 1971లో తూర్పు బెంగాలు నుండి వచ్చిన శరణార్థుల సహాయమునకై జాబులపై ఐదు పైసల అదనపు బిళ్ళ అంటింపవలసియుండెను. అందుకై మామూలు ఐదు పైసల బిళ్ళపై శరణార్థుల సహాయమను పైముద్ర వేసిరి. అచ్చొత్తినవి సకాలమున చేరని ఊళ్ళలో చేతిముద్రలు వేసి సరిపుచ్చిరి. సర్వీసు బిళ్ళపైనను అదే ముద్ర కలదు. అది సహాయ విభాగమున చేరునా, సర్వీసు విభాగమున చేరునా? ‘ఎవరు వాడిరి?’ అను ప్రశ్నకు మొదటి స్థానము ఇచ్చినచో సర్వీసు విభాగముననే చేరును. సహాయ విభాగపు పుటలో ఒక చిన్న చీటిపై ‘సర్వీసు పుట చూడుము’ అని వ్రాసిన చాలును. ఏ నియమము పెట్టుకొన్నను ఆల్బము అంతటను దానినే పాటించుట ముఖ్యము.

4. తల్లిదండ్రులు గమనింపవలసినవి

పైముద్ర అచ్చొత్తుట సులభము కనుక దొంగముద్రలును సులభమే. 1948లో వెలువడిన గాంధీ మహాత్ముని నాలుగు బిళ్ళలపై గవర్నర్ జనరల్ వాడుకకై ‘సర్వీస్’ అని ముద్రించినవి నూరు వరుసలు మాత్రమే. అట్టిది సంతలో చౌకగా దొరకునని ఎవరైన చెప్పిన నమ్మరాదు. పిల్లల చేత పెద్ద వెల పెట్టించి కొనిపింపరాదు.

కార్యాలయములలో పనిచేయు తండ్రులకు ఒక మనవి. వాడని సర్వీసు బిళ్ళ ప్రభుత్వపు సొత్తు. దానిని బిడ్డ ముచ్చట తీర్చుటకు ఇంటికి తెచ్చుట తగదు. ఆ బిళ్ళతో పాటు ఆ అలవాటు కూడ బిడ్డకు అబ్బును. ఇంటికి వచ్చిన జాబుపై ముద్ర పడిన బిళ్ళ వెల లేనిదైనను అదియే గౌరవమైనది.

మరియొకటి, అన్నిటికంటె ముఖ్యమైనది. బిళ్ళ కొరకు పాత కవరును కత్తిరింపనీయకుడు. సర్వీసు బిళ్ళకు విలువనిచ్చునది దాని కవరే. ఏ కార్యాలయము పంపినది, ఏ ఊరి ముద్ర పడినది, ఏ తేదీన చేరినది, ఎవరి పేర వచ్చినది అన్నియు దానిమీదనే యుండును. కత్తిరించిన పిదప మిగులునది అంగుళము కాగితము మాత్రమే. తరతరాలుగా పొరుగు భాషల నడుమ కాపురముండు మన కుటుంబములకు ఈ మాట మరింత వర్తించును. తాతగారి పేర పురపాలక సంఘము నుండి వచ్చిన కవరు, భూమి శిస్తు గూర్చి తాసీల్దారు కచ్చేరి నుండి వచ్చిన తాఖీదు, బడి నుండి వచ్చిన జాబు మనవారు ఆ ఊరిలో ఏ నాటికి స్థిరపడి యుండిరో సాక్ష్యమిచ్చును. బంధువులు తెలుగులో వ్రాసిన జాబులు ఆ కవరులలోనే మడతపడి యుండవచ్చును. నేడు కార్యాలయపు జాబులపై బిళ్ళలకు బదులు తరచు యంత్రముద్రలే కన్పట్టుచున్నవి. కనుక పాత కవరులకు సాటివి మరల వచ్చునని ఆశింపరాదు.

కవరును నిండుగా ఉంచుటకు ఆల్బము పుటపై నాలుగు మూలలకు కాగితపు త్రికోణములు అంటించి, వానిలో కవరు కొనలను దూర్చిన చాలును. జిగురు కవరుకు తగులరాదు. విడి బిళ్ళలకు కూడ అన్నపు మెతుకులు, మైదా జిగురు పనికిరావు, పురుగులు పట్టును. దుకాణములలో దొరకు పలుచని హింజి కాగితమును వాడి, బిళ్ళను వ్రేళ్ళతో కాక చిన్న పట్టకారుతో తీయవలెను. ప్రతి పుట అడుగున సంవత్సరము, వెల, పైముద్ర, ఎవరి వలన లభించినది అను నాలుగు విషయములను బిడ్డ తన చేతితో తెలుగున వ్రాయవలెను. వ్రాతలో తప్పులున్నచో దిద్దుడు. కాని మీరు వ్రాసి ఇవ్వకుడు.

వచ్చు సెలవులలో ఇంటి పాతపెట్టెను బిడ్డతో కలిసి తెరచి, కవరులను ముందుగా తేదీల వరుసలో పేర్చుడు. ఆల్బమునకు చేరవలసినవేవో, భద్రపరుపవలసిన జాబులేవో ఆ పిదప నిర్ణయింపవచ్చును. కత్తెర మాత్రము ఆ దినమున బయటికి తీయకుడు.