సున్నిపిండి - కొంత సైన్సు

ముఖానికి నలుగు పెట్టుకోవడం కూడా ఒక సైన్సు పాఠమేనా అని నవ్వకండి. నేనూ ఒకప్పుడు నవ్విన వాణ్ణే. నిరుడు ఎండాకాలంలో ముఖం కాలిన తరువాతే పుస్తకాలు తిరగేశాను.

మాది నిజామాబాద్ జిల్లాలో పసుపు పండించే కుటుంబం. చదువు కోసం టోలిచౌకిలో గది తీసుకొని ఉంటున్నాను. అక్కణ్ణుంచి ఫిల్మ్ నగర్ ఎంతో దూరం లేదు. నా గదిమిత్రుడు ఆదివారాల్లో షూటింగులకు వెళ్ళి గుంపులో నిలబడే వేషాలు వేస్తాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. "బాగా నల్లబడ్డావు, వెనక వరసలో నిలబడు" అన్నారు అక్కడెవరో. ఆ మాట మనసులో గుచ్చుకుంది. మర్నాడు నిమ్మచెక్క మీద పంచదార చల్లి ముఖమంతా గట్టిగా రుద్దుకొని, మధ్యాహ్నపుటెండలో బస్సు కోసం నిలబడ్డాను. రెండు రోజులకు బుగ్గలు మండి బొబ్బలెక్కాయి. ఆ మచ్చలు పోవడానికి నెలలు పట్టింది.

పొరపాటు ఎక్కడ జరిగింది?

మన చర్మం పైపొర మృతకణాల పొర. లోపల పుట్టిన కణాలు పైకి వచ్చి, చనిపోయి, రాలిపోవడానికి యువకుల్లో సుమారు నెల పడుతుంది. నలుగు ఈ రాలే పనికి కాస్త సాయం చేస్తుంది, అంతే. సాయం రెండు రకాలు: పిండి రేణువులతో రుద్దడం ఒకటి, ఆమ్లంతో కణాల మధ్య పట్టు సడలించడం రెండవది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం ఈ రెండో జాతికి చెందినదే. ఇటువంటి ఆమ్లాలు చర్మం మీద ఎలా పనిచేస్తాయో వాన్ స్కాట్, యూ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించారు.

చర్మం పి.హెచ్. సుమారు 5. పెరుగుది దానికి దగ్గరలోనే, 4.5 ప్రాంతంలో ఉంటుంది. నిమ్మరసానిది 2కు కాస్త పైన. పి.హెచ్. ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పదింతలు పెరుగుతుందని మనం ఇంటర్‌లోనే చదివాం. అంటే నేను ముఖానికి పూసింది చర్మం కంటే వందల రెట్లు ఆమ్లం! పైగా నిమ్మలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలున్నాయి. ఇవి ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. పంచదార పలుకులు అంతకుముందే ముఖాన్ని గీరి దారి చేశాయి.

పాతదంతా మంచిదేనా అంటే అదీ కాదు. మా నాయనమ్మ సున్నిపిండిలో బావంచాలు వేసేది. వాటిలోని సోరలిన్ కూడా ఈ ఫ్యూరోకౌమరిన్ల కుటుంబానిదే. కనుక ఎండలో తిరిగేవాళ్ళు బావంచాలు మానుకోవడం మేలు.

చేసుకునే విధానం

ఎండిన పెసరపిండి నాలుగు చెంచాలు, బియ్యప్పిండి ఒక చెంచా, పసుపు చిటికెడు. మూడూ కలిపి పలుచని బట్టలో జల్లించాలి. మన పెద్దలు దీన్నే వస్త్రగాళితం అన్నారు. రవ్వ మిగిలితే చర్మం గీసుకుపోతుంది. ఈ పొడిని తడి తగలని సీసాలో దాచుకోవచ్చు.

వాడేటప్పుడు రెండు చెంచాల పొడిని తాజా పెరుగుతో కలపండి. పొడి చర్మమైతే పాలమీగడతో కలపండి. కలిపిన ముద్ద నిలవ ఉంచితే సూక్ష్మజీవులు పెరుగుతాయి, కనుక ఏ పూటకాపూటే చేసుకోవాలి. ముఖానికి పట్టించి అయిదు నిమిషాలు ఆగి, పూర్తిగా ఆరకముందే తడివేళ్ళతో అరనిమిషం మెల్లగా తిప్పి, గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. వారానికి ఒక్కసారి చాలు. ముఖానికి మేకప్ ఉంటే ముందు కొబ్బరినూనెతో తుడవాలి. జిడ్డు జిడ్డులోనే కరుగుతుంది, పిండికి లొంగదు.

మొదటిసారి వాడేవాళ్ళు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒకరోజు చూడండి. దురద వస్తే మానేయండి. చీము పట్టిన మొటిమలు, పుండ్లు, గజ్జి ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించుకోవాలి గాని నలుగు జోలికి పోకూడదు. నలుగు పెట్టుకున్న రోజు ఎండలోకి పోతే గొడుగు వేసుకోండి.

చివరగా ఒక్కమాట. ఏ నలుగూ నల్లని చర్మాన్ని తెల్లగా చేయదు. రంగునిచ్చే మెలనిన్ లోపలి పొరలో తయారవుతుంది, అదే మనల్ని ఎండనుంచి కాపాడే గొడుగు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు నా మచ్చలు చూసి మా అమ్మ, "చేన్లో పనిచేసేటోళ్ళం బిడ్డా, ఎండకు నల్లబడితే సిగ్గెందుకు?" అంది. నలుగు పెట్టుకుందాం, శుభ్రత కోసం. సిగ్గుతో మాత్రం వద్దు.