హనీమూన్‌కి తాహితీ: హోటల్ కంటే ముందు దారి చూసుకోండి

మా ఇద్దరికీ షెంజెన్ వీసా ఉంది. తాహితీ ఫ్రాన్స్‌దే కదా, సరిపోతుందా?

ఫ్రాన్స్‌దే, కానీ షెంజెన్ పరిధిలో లేదు. తాహితీ, మోరేయా, బోరా బోరా ఉన్న ఫ్రెంచ్ పాలినేషియాకు భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు మామూలుగా విడిగా వీసా తీసుకోవాలి. దరఖాస్తు చేరేది ఫ్రెంచ్ అధికారులకే. అందులో గమ్యం స్పష్టంగా రాయండి. చేతికొచ్చిన స్టిక్కర్ మీద ఫ్రెంచ్ పాలినేషియాకు చెల్లుతుందని ఉందో లేదో అక్కడే చదువుకోండి. కొన్ని దీర్ఘకాల ఫ్రెంచ్ వీసాలకు మినహాయింపు ఉంది. మీది ఆ కోవలోదేనా అన్నది కాన్సులేట్ చెప్పాలి, ట్రావెల్ ఏజెంటు మాట చాలదు.

పారిస్ నుంచి తాహితీలోని పపేఎటేకి ఒకే విమానం దొరికింది. ఇక చిక్కేముంది?

అసలు చిక్కంతా ఇక్కడే. ఆ విమానాలు చాలావరకు లాస్ ఏంజెలెస్‌లో దిగి మళ్లీ ఎగురుతాయి. సీటు మారకపోయినా ప్రయాణికులంతా అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ దాటాలి. కాబట్టి ట్రాన్సిట్ వీసాయో, విజిటర్ వీసాయో ఉండాల్సిందే. ఈ సంగతి హైదరాబాద్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర తెలిస్తే మీ ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఆక్లాండ్ మీదుగా వెళ్తే న్యూజిలాండ్ ట్రాన్సిట్ నిబంధనలు చూసుకోవాలి. ఆ దారిలో అంతర్జాతీయ దినరేఖ కూడా దాటుతారు, అంటే బయల్దేరిన తేదీకి ముందు తేదీన దిగవచ్చు. హోటల్ బుక్ చేసేటప్పుడు టికెట్‌లో దిగే తేదీ చూడండి.

ముందు దారి, తర్వాత వీసాలు, ఆ తర్వాతే తిరిగిరాని డబ్బు కట్టడం. ఈ వరస తప్పవద్దని కొత్త జంటలందరికీ గట్టిగా చెబుతాను.

మేం కాలిఫోర్నియాలో హెచ్-1బీ మీద ఉన్నాం. మాకు సులువేనా?

విమానం సులువే, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఎనిమిదిన్నర గంటల దూరం. తిరిగి రావడమే చూసుకోవాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోతే ఐ-797 ఆమోదపత్రం ఒక్కటే చాలదు. కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లొచ్చేవాళ్లకున్న సడలింపు ఇక్కడ వర్తించదు. పెళ్లయ్యాక అమెరికాలోనే హెచ్-4కి మారిన భార్యకైనా, భర్తకైనా ఇదే నియమం.

పెళ్లయింది కదా, పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చాలా?

అక్కర్లేదు, చట్టం అడగదు. మార్చుకోవాలనుకుంటే తిరిగొచ్చాక మార్చుకోండి. టికెట్, వీసా, పాస్‌పోర్టు మూడింట్లో ఒకే పేరుండాలి. వివాహ ధ్రువపత్రం మాత్రం ముందే తీసుకోండి, హనీమూన్ రాయితీకి రిసార్టులు దాన్ని అడుగుతుంటాయి.

శ్రావణంలో పెళ్లి. అప్పుడు వెళ్లొచ్చా?

చక్కని కాలం. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, ఆగస్టులో పొడి వాతావరణం. హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లలతో వచ్చేదీ అప్పుడే. ఆ సముద్రమంతా 2002 నుంచి సముద్ర క్షీరదాలకు అభయారణ్యం, కాబట్టి వాటిని చూడటానికి లైసెన్సున్న గైడుతోనే వెళ్లాలి, అతను ఆగమన్న దూరంలో ఆగాలి.

అత్తయ్య ఆవకాయ కట్టిస్తానంటున్నారు.

తాజా పండ్లు, కరివేపాకు, తేనె పెట్టెలో పెట్టకండి. పురుగులు, తెగుళ్లు రాకుండా ద్వీపాలు గట్టిగా కాపలా కాస్తాయి. నెయ్యి రాసిన పూతరేకులైనా, పచ్చడి సీసా అయినా ఫారంలో రాసి చూపించండి. ఆక్లాండ్‌లో బయటికొచ్చి ఒక రాత్రి ఆగేటట్లయితే, చెప్పకుండా తెచ్చిన తిండికి అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా పడవచ్చు.

గుర్తుగా పగడపు ముక్క తెచ్చుకోవచ్చా?

వద్దు. రాతి పగడాలకు అంతర్జాతీయంగా రక్షణ ఉంది, మన వన్యప్రాణి చట్టమూ ఒప్పుకోదు. నల్లముత్యాలు కొనుక్కోండి, బిల్లు దాచుకోండి, పరిమితి దాటితే ఇక్కడి కస్టమ్స్‌లో చెప్పండి. అక్కడి రాళ్ల విషయంలోనూ జాగ్రత్త: రైయాతేయా ద్వీపంలోని తపుతపువాతేయా మరాయే 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడివారికి పవిత్ర స్థలం, ఫొటో కోసం రాళ్లెక్కవద్దు.

ప్యాకేజీ కంపెనీ డబ్బు కట్టించుకుని మాట తప్పితే?

వాట్సాప్ మాటలు కాకుండా రద్దు షరతులు కాగితం మీద తీసుకుని ఉండాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కంపెనీ ముంబైలో ఉన్నా మీరు అక్కడికి వెళ్లక్కర్లేదు. కట్టింది 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే వింటుంది, గడువు రెండేళ్లు, ఫిర్యాదు ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ప్యాకేజీ మీద వసూలు చేసిన టీసీఎస్ పన్ను పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోండి.