ఏ మొహం పెట్టుకుని ప్రార్థించను?

ప్రశ్న: అత్తగారి మీద నోరు పారేసుకున్నాను. ఆ రాత్రి మోకరించినా మాట రాలేదు. నాలాంటిదాని ప్రార్థన దేవుడు వింటాడా?

జవాబు: వింటాడు సహోదరీ. గొడవపడని రోజున మాత్రం ఏ అర్హతతో మోకరించారు? ఆ రోజూ క్రీస్తు నీతే ఆధారం, ఈ రోజూ అదే. లూకా సువార్త 18వ అధ్యాయంలో పరిసయ్యుడు తన ఉపవాసాలు, దశమభాగాలు ఏకరువు పెట్టాడు. సుంకరి దూరంగా నిలబడి, కళ్లెత్తకుండా, రొమ్ము కొట్టుకుంటూ కరుణించమన్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది సుంకరే. దానియేలు అంతటి భక్తుడు కూడా తన గ్రంథం 9వ అధ్యాయంలో తమ నీతిని చూపించి అడగలేదు, దేవుని కనికరాన్నే పట్టుకున్నాడు. హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం మనకు ఇంకా ధైర్యమిస్తుంది. మన బలహీనతలు తెలిసిన ప్రధాన యాజకుడు యేసు పరలోకంలో ఉన్నాడు, అందుకే కృపాసనం దగ్గర మనకు జంకు అక్కర్లేదు. ప్రార్థన చివర యేసు నామమున అంటాం చూడండి, అది అలవాటుగా పలికే ముగింపు కాదు. మొదటి నుంచీ ఆయన నీతి మీదే నిలబడి అడిగామని ఒప్పుకోవడం.

అలాగని గొడవ సంగతి వదిలేయమనను. పాపాన్ని మనసులో దాచుకునేవారి విషయంలో 66వ కీర్తన గట్టిగానే మాట్లాడుతుంది. దేవుని ముందు దాచకుండా ఒప్పుకోండి. లేచి వెళ్లి అత్తగారిని క్షమాపణ అడగండి. అందుకు కావలసిన ధైర్యం కూడా ఆయననే అడగండి.