పరుల పాటలోని తునక

ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టలు గదులలోను, తార్నాక చుట్టుపట్ల అద్దె ఇండ్లలోను ఒక ల్యాప్‌టాపును, ఒక మైకును మాత్రమే సాధనములుగా గైకొని సంగీతము కూర్చు యువకులు నేడు అనేకులు కలరు. పాత సినిమా పాటలోని వయొలిన్ల బిట్టునో, పల్లెలో ఒక ముదుసలి పాడిన పదమునో కత్తిరించి, లూపుగా త్రిప్పి, దానిక్రింద బీటు పరచి క్రొత్త పాటగా యూట్యూబున కెక్కించు ఈ విద్యకు వారిడిన పేరు శాంపిలింగ్. ఈ విద్య నింద్యమైనది కాదు. కాని ఏడు సెకన్లు దాటని తునకకు ఎవరి అనుమతియు అక్కరలేదను నమ్మిక వారిలో ఎట్లో పాతుకొని పోయినది. దానిని తొలగించుట ఈ వ్యాసమునకు మొదటి పని.

చట్టమునందు అట్టి సెకన్ల లెక్క యేదియు లేదు. ఒక టీవీ కార్యక్రమములో గాయని తన పాటలలోని కొన్ని పంక్తులను పాడిన వివాదమునందు, అతిస్వల్పమగు వాడుకను ఉల్లంఘనగా నెంచనక్కరలేదని 2012లో ఢిల్లీ హైకోర్టు పలికిన మాట నిజమే. అయినను ఆ తీర్పు వాడుకయొక్క ప్రయోజనమును, కలిగిన హానిని తూచి యిచ్చినదే గాని గడియారమును చూచి యిచ్చినది కాదు. సెల్‌ఫోను ప్రకటన కొరకు రామ్ సంపత్ కూర్చిన కొద్ది సెకన్ల బాణీ ‘క్రేజీ 4’ అను హిందీ చిత్రపు పాటలలో చొచ్చినదని వివాదము రాగా, ఆ పాటలతో చిత్రమును విడుదల చేయరాదని 2008లో బొంబాయి హైకోర్టు ఆజ్ఞాపించినది. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ బృందము 1977 నాటి తమ రికార్డునుండి తీసిన రెండు సెకన్ల తాళధ్వని నిమిత్తము సుమారు ఇరువది యేండ్లు వ్యాజ్యమాడిన పిమ్మట, చెవికి గుర్తుపట్ట వీలులేనట్లు మార్చిననే తప్ప అంత చిన్న తునకకును అనుమతి కావలయునని 2019లో ఐరోపా న్యాయస్థానము తేల్చినది.

ఒక్క రికార్డులో రెండు వేర్వేరు హక్కులు ఇమిడియుండునను సంగతి మనవారిలో పెక్కురకు తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి ధ్వనిముద్రణపై హక్కు అది వెలువడిన సంవత్సరము గడచిన పిదప అరువది యేండ్లుండును. సాహిత్యముపైనను బాణీపైనను హక్కు కర్త జీవితాంతమును, అటుపై అరువది యేండ్లును నిలుచును. కావున 1964లో వెలువడిన రికార్డుపై హక్కు 2024 చివరతో తీరినను, దాని సంగీతకర్త గతించి అరువది యేండ్లు కాకున్నచో బాణీపై హక్కు సజీవముగనే యుండును. తానే మరల పాడి వాయించుకొన్నవానికి రికార్డు యజమానితో పని లేకపోవచ్చును గాని బాణీ యజమానితో పని తప్పదు. 2017లో అమెరికా పర్యటనయందున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకు, తన బాణీలను అనుమతి లేక వేదికపై పాడరాదని ఇళయరాజా పక్షమున నోటీసు రాగా, తన గొంతుతోనే లోకమునకు పరిచయమైన ఆ పాటలను ఆయన ఆ పర్యటనలో విడిచిపెట్టవలసి వచ్చినది.

విద్యాలయోత్సవములో విద్యార్థులు పాడుకొనుటకు చట్టము మినహాయింపు నిచ్చినది. కాని అదే పాటను వీడియోగా లోకమునకు విడుదల చేసినచో ఆ రక్షణ వెంట రాదు. అనుమతి నోటిమాటగా చాలదు, లిఖితమై యుండవలెను. హక్కుదారు తాను నివసించు చోటనే, లేదా వ్యాపారము చేయు చోటనే దావా వేయవచ్చును గనుక తార్నాక యువకుడు ముంబయి న్యాయస్థానపు మెట్లెక్కవలసి రావచ్చును. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు మాసములనుండి మూడేండ్ల వరకు కారాగారము, ఏబది వేలనుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఇది వారంటు లేకయే పోలీసులు పట్టుకొనదగిన నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది.

ఇంతవరకు చెప్పినది ప్రధానముగా కంపెనీలను కాచు హక్కు. వారికి వకీళ్లు కలరు. నా మనస్సును కలచునది పల్లె గాయకుల సంగతి. బిరుదురాజు రామరాజు ఇదే విశ్వవిద్యాలయమున 1950ల దశకములో తెలుగు జానపద గేయములపై పరిశోధించి, నోటినుండి నోటికి నడచిన పాటకు పాండిత్యలోకమున పీఠము వేసినారు. ఆ పాటకు కర్త తెలియడు గనుక దానిని ఎవరైనను పాడుకొనవచ్చును. కాని బతుకమ్మ పాట పాడుచున్న ఒక స్త్రీ గొంతును సెల్‌ఫోనులో పట్టి తెచ్చుట వేరు. ముద్రణకు పూనుకొన్నవానినే చట్టము నిర్మాతగా నెంచును. ఫోను పట్టినవానికి ముద్రణపై హక్కు కలుగును. అయినను ఆమె నిస్సహాయురాలు కాదు. గాయకులతోపాటు పాములవానిని, గారడీవానిని సైతము పేర్కొని చట్టము ప్రదర్శకులకు ఏబదియేండ్ల హక్కు నిచ్చినది. ఆమె సమ్మతి లేక ఆ గొంతును ముద్రించి పంచరాదు. తన పేరు చెప్పుమని అడుగుటకు, తన ప్రతిష్ఠకు భంగమగునట్లు గొంతును వికృతపరచుటను ఆపుటకు ఆమెకు అధికారము కలదు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రములోని సారంగ దరియా పాట ప్రచారమునకు రాగానే, దానిని అంతకు ముందే సేకరించి పాడిన జానపద గాయని ఒకరు తన పేరు మరచితిరని ఆక్షేపింపగా, దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు నిత్తునని బహిరంగముగా చెప్పవలసి వచ్చినది. అడుగకమునుపే చెప్పియున్న ఎంత బాగుండెడిది!

కావున పల్లె గాయని గొంతును వాడుకొన దలచితిరేని, ఆ గొంతు ఎక్కడికి పోవునో, దానివలన డబ్బు వచ్చునో లేదో ఆమెకు తెలియు మాటలలో వివరించి, కాగితముపై తెలుగున వ్రాసి చదివి వినిపించి, ఆమె పేరును పాట క్రింద వేసి, వచ్చినదానిలో పాలు పంచుడు. ఒకమారు తలయూపిన సమ్మతి ఎల్లకాలపు ఆదాయమునకు అనుమతి యని వాదించుట న్యాయస్థానమున నెగ్గినను అన్యాయమే.

అన్యాయము జరిగినదని తలచు గాయని తాను నివసించు జిల్లా న్యాయస్థానముననే దావా వేయవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలును సమకూర్చును. సహాయము కోరువారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చును, లేదా 15100 నంబరునకు ఫోను చేయవచ్చును.