దమ్ము చేలో ట్రాక్టరు - మంచులో స్పోర్ట్స్ కారు
(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ., ఎం.పి.సి. విద్యార్థి)

మంచు ముఖం ఎరుగనివాడు మంచులో కారు నడపడం గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. మాది గోదావరి డెల్టాలో ఒక పల్లె. మాకు తెలిసిన మంచల్లా ధనుర్మాసంలో తెల్లవారుజామున గడ్డివాముల మీద వాలే పొగమంచే. అయినా ఈ వ్యాసం రాయడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండు, మా ఇంట్లో ట్రాక్టరు ఉంది. ఈ రెండింటికీ సంబంధమేమిటో మనవి చేస్తాను.

అన్నయ్య ముచ్చటపడి పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. రెండే సీట్లు, ఇంజను ముందు, తోపు వెనక చక్రాలకు. డిసెంబరులో ఒక సాయంత్రం ఇంటికి వస్తూ కూడలిలో కుడివైపుకు తిప్పాడు. సగం మలుపులో ఉండగా యాక్సిలరేటరు కాస్త నొక్కాడట. అంతే, కారు తోక ఎడమవైపుకు జారిపోయింది. కంగారులో కాలు ఠక్కున తీసి బ్రేకు తొక్కాడు. కారు బొంగరంలా తిరిగి రోడ్డు పక్క గుంటలో, మంచులో కూరుకుపోయింది. దెబ్బలేమీ తగల్లేదు. ఎదురుగా లారీ రాలేదు కనుక సరిపోయింది. "అమ్మకు మాత్రం చెప్పకురా" అన్నాడు ఫోనులో. పెద్దమ్మ ఈ సంచిక చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

ఫోను పెట్టేశాక నాకు మా చేలో జరిగిన సంగతి జ్ఞాపకం వచ్చింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి దమ్ము చేస్తుంటే ట్రాక్టరు దిగబడింది. నేను పౌరుషంగా ఇంకా రేజ్ చేశాను. చక్రాలు తిరిగిన కొద్దీ బండి కిందికి దిగుతోంది. గట్టు మీది నుంచి నాన్న కేకవేశాడు: "ఒరేయ్, కాలు తియ్యరా! అది ముందుకు పోవటం లేదు, గొయ్యి తవ్వుతోంది!" మంచులో కారు నడిపేవాడికి కావలసిన పాఠమంతా ఆ కేకలోనే ఉందని నాకు ఇప్పుడు తెలిసింది.

ఘర్షణ అనే కాలవ నీరు

కారును కదిలించేది ఇంజను అనుకుంటాం. నిజానికి రోడ్డుకూ టైరుకూ మధ్యనున్న ఘర్షణే కదిలిస్తుంది, ఆపుతుంది, మలుపు తిప్పుతుంది. పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.8. అణిగిన మంచు మీద సుమారు 0.2. గట్టి మంచుగడ్డ మీద 0.1, ఒక్కొక్కప్పుడు ఇంకా తక్కువ.

మనం మొదటి సంవత్సరంలో చదువుకున్న సూత్రమే వేసి చూద్దాం. ఆగడానికి పట్టే దూరం, వేగం వర్గాన్ని 2μg తో భాగిస్తే వస్తుంది. వేగం గంటకు 50 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 13.9 మీటర్లు. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టిన తర్వాత సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. మంచు మీద 49 మీటర్లు కావాలి. మంచుగడ్డ మీద 98 మీటర్లు! వేగం సగానికి తగ్గిస్తే మాత్రం ఈ దూరాలు నాలుగోవంతుకు దిగుతాయి. పరీక్షలో మార్కుల కోసం బట్టీపట్టిన వర్గం గుర్తు అక్కడ ప్రాణం కాపాడుతుంది.

ఇంకొక సంగతి. టైరుకున్న పట్టు ఒక బోదెలో వచ్చే నీరులాంటిది. నీరంతా పై చేనుకు పెడితే కింది చేనుకు మిగలదు. మలుపు తిరగడానికే పట్టంతా ఖర్చవుతున్నప్పుడు యాక్సిలరేటరుకు గాని బ్రేకుకు గాని ఇవ్వడానికి ఏమీ ఉండదు. అన్నయ్య ఒకే బోదె నుంచి రెండు చేలకూ ఒకేసారి నీళ్లు పెట్టబోయాడు. పైగా చక్రం ఒకసారి జారడం మొదలయితే స్థైతిక ఘర్షణ పోయి గతిక ఘర్షణ మిగులుతుంది, అది ఇంకా తక్కువ. ఉత్తుత్తినే తిరిగే చక్రం వేడికి మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి అద్దంలా తయారవుతుంది కూడా.

వెనక చక్రాల తోపు నేరమా?

కాదు. మన అంబాసిడర్ కారూ వెనక చక్రాలతో నడిచినదే. చిక్కు ఏమిటంటే, ముందు చక్రాల తోపు ఉన్న కారులో ఇంజను బరువు తోసే చక్రాల మీదే ఉంటుంది. అన్నయ్య కారులాంటి వాటిలో తోసే చక్రాల మీద బరువు తక్కువ. పొడి రోడ్డు మీద వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కి వాలి వెనక చక్రాలకు పట్టు పెరుగుతుంది. మంచులో వేగం అంత చురుగ్గా పెరగదు కనుక ఆ లాభమూ పెద్దగా అందదు. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరక్కుండా నేరుగా పోతుంది. వెనక చక్రాలు జారితే తోక ముందుకు రాబోతుంది.

బరువు వెనక ఉంటే కథ వేరు. పోర్షే 911 లో ఇంజను వెనక ఇరుసుకు వెనక ఉంటుంది. బరువులో సుమారు 60 శాతం వెనక చక్రాల మీదే. వెనక చక్రాల తోపుతోనే ఆ కారు మంచుకు పేరుపడ్డ మాంటేకార్లో ర్యాలీని 1968, 1969, 1970 లలో వరుసగా గెలిచింది. మొదటిసారి నడిపినవాడు విక్ ఎల్ఫర్డ్, తరువాతి రెండుసార్లూ బ్యోర్న్ వాల్డెగార్డ్. నాలుగు చక్రాల తోపుతో ఆడి క్వాట్రో 1980 లో వచ్చాక ర్యాలీల లెక్క మారిపోయింది.

నాన్న ఎడమ బ్రేకు

ట్రాక్టరుకు వెనక చక్రాలకు విడివిడిగా రెండు బ్రేకు పెడళ్లుంటాయి. గట్టు దగ్గర ఎడమకు తిప్పాలంటే నాన్న స్టీరింగుతో పాటు ఎడమ బ్రేకు తొక్కుతాడు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే ఆ పక్క బ్రేకు మెల్లగా పడితే బలం రెండో చక్రానికి పోతుంది. డిఫరెన్షియల్ చేసే తుంటరి పని అది: పట్టులేని చక్రానికి అందేంత బలమే పట్టున్న చక్రానికీ ఇస్తుంది.

ఇప్పటి కార్లలో కంప్యూటరు చేసేది ఇదే పని. కుడి మలుపులో తోక ఎడమకు జారితే ముందరి ఎడమ చక్రానికి తానే బ్రేకు వేసి కారును సరిచేస్తుంది. ఈ స్థిరత్వ నియంత్రణ అమెరికాలో 2012 మోడలు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. అన్నయ్య కారు అంతకు ముందుది, అందులో లేదు. ఉన్నా, లేని ఘర్షణను అది పుట్టించలేదు.

ఏం చేయాలి?

1. నాలుగు చక్రాలకూ శీతకాలపు టైర్లు వేయాలి. స్పోర్ట్స్ కార్ల వేసవి టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే బిరుసెక్కుతుంది. శీతకాలపు టైరు మెత్తగా ఉండి, సన్నని గాట్లతో మంచును పట్టుకుంటుంది. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి లేకపోతే చట్టరీత్యా నేరం.

2. గాలి చూసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర 32 పౌండ్లు కొట్టిన టైరులో మైనస్ 10 డిగ్రీల దగ్గర సుమారు 26న్నర పౌండ్లే ఉంటుంది. వాయు నియమాలు ఇక్కడా పనికొచ్చాయి!

3. గేర్ల బండి అయితే రెండో గేరులో మెల్లగా కదలాలి. మలుపుకు ముందే, నేరుగా ఉండగానే వేగం తగ్గించాలి.

4. తోక జారితే బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటరు నెమ్మదిగా వదలాలి. ఠక్కున వదిలితే ఇంజనే వెనక చక్రాలకు బ్రేకులా పనిచేస్తుంది. తోక ఎటు పోతే స్టీరింగు అటు తిప్పి, చూపు వెళ్లవలసిన దారి మీద పెట్టాలి. కారు సర్దుకోగానే స్టీరింగు వెనక్కి తేవాలి.

5. కూరుకుపోతే రేజ్ చేయకూడదు. మేం చక్రం కింద కొబ్బరి మట్టలు వేస్తాం, వాళ్లు ఇసుక చల్లుతారు. వెచ్చదనం కోసం ఇంజను నడిపే ముందు సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తవ్వి తీరాలి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణం తీస్తుంది.

అన్నయ్య ఇప్పుడు నాలుగు టైర్లూ మార్చాడు. ఒక ఆదివారం ఖాళీ పార్కింగు స్థలంలో, అడిగి అనుమతి తీసుకుని, కారును కావాలనే జారించి సరిచేయడం నేర్చుకున్నాడు. "బాబాయి కేక ఇక్కడికి వినిపించిందిరా" అన్నాడు.

మన కాలేజీలో చదివినవాళ్లు కూడా పై చదువులకని, ఉద్యోగాలకని చలిదేశాలకు వెళ్తుంటారు. అక్కడ కారు కొన్న మొదటి సంవత్సరమే మొదటి మంచూ పడుతుంది. వెళ్లే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. చలికాలం రాకముందే టైర్లు మార్చుకోండి. ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మ దగ్గర దాచవలసిన సంగతి ఏదీ లేకుండా ఉంటుంది.